సంచి చూసిన సముద్రం

"ఆపండి" అనే మాట నేను నా జీవితంలో చాలాసార్లే అన్నాను. సిటీ బస్సుల్లో అన్నాను, షేర్ ఆటోల్లో అన్నాను, పెళ్లి విందుల్లో అన్నం వడ్డించేవాళ్లతో (చాలా ఆలస్యంగానే) అన్నాను. కచ్చితంగా అనాల్సిన ఒక్క చోట మాత్రం అనలేదు. దాంతో ఒక మనిషి సముద్రం చూడలేకపోయాడు. అంతకన్నా పెద్దవి కూడా పోగొట్టుకున్నాడు. మా పాత కంపెనీవాళ్లు ఎక్కడ కలిసినా ఆ కథ చెప్పుకుని ఇప్పటికీ పొట్టలు పట్టుకుని నవ్వుతారు. నవ్వాల్సిన భాగం నిజమే, అందులో నేను వేలు పెట్టను. మిగతా భాగం తప్పు. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

ఆ రోజుల్లో మాకు ఒంటరితనం అంటే ఏమిటో తెలియదు. తెలియాలంటే ముందు గదిలో కాళ్లు చాపుకునే జాగా ఉండాలి కదా! పటాన్‌చెరులో ఒక ఇంటి మేడ మీద, రేకుల గదిలో కిరాయికి ఉండేవాళ్లం. గదిలో నేనూ, చాయ్ మామా, బీహార్ నుంచి వచ్చిన భయ్యా ఒకతనూ. ముగ్గురం మందు సీసాలకు ప్లాస్టిక్ మూతలు చేసే కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లం. (సీసా ఎవరిదో, మందు ఏ రోగానిదో మాకు తెలియదు. మూత బిగుసుకుందా లేదా, అంతే.) చాయ్ మామ అసలు పేరు గుర్తున్నవాళ్లు నేను కాక కంపెనీలో ఇద్దరే ఉండేవారు. ఒకరు జీతాలిచ్చే గుమాస్తా, రెండోవారు రోజూ పేర్లు పిలిచే సూపర్‌వైజర్. మామది కొండాపూర్ మండలంలో ఒక ఊరు. నాకంటే కొంచెం పెద్దవాడు. కంపెనీలో అందరూ అతనికి అల్లుళ్లే. చాయ్ విషయంలో మాత్రం ఎవరితోనూ రాజీపడడు. క్యాంటీన్ చాయ్‌ని అతను "రంగు నీళ్లు" అనేవాడు. గోడ అవతల బండి దగ్గర అల్లం దంచి వేసే చాయ్ తాగితే తప్ప అతని చెయ్యి మిషన్ మీద పడేది కాదు. ఆ బండి తెరిచే వేళా, మా షిఫ్టు మొదలయ్యే వేళా ఒకటే కావడం మా ఇద్దరి ఖర్మ.

ఇక్కడ మా లైన్‌లో ఉన్న ఒక ఆచారం చెప్పాలి. షిఫ్టు మొదట్లో సూపర్‌వైజర్ సార్ వచ్చి పేర్లు పిలిచేవాడు. ఆయన బాపట్ల వైపు మనిషి. మంచివాడే గానీ, పిలిచేటప్పుడు కాగితం మీంచి తల ఎత్తడు. పేరు పిలవడం, "సార్" అని వినపడటం, గీత పెట్టుకోవడం. అందుకని మాలో ప్రతి ఒక్కరికీ ఒక జోడీ ఉండేది. ఒకడు బయటికి పోతే రెండోవాడు వాడి గొంతుతో "సార్" అనాలి. పోయేవాడు "సూస్కో" అంటాడు, అంతే, ఇక ఏ వివరమూ అక్కర్లేదు. నా జోడీ చాయ్ మామ. అతని గొంతు నాకు ఎంత బాగా పట్టుబడిందంటే, ముందు చిన్న దగ్గు, తర్వాత ముక్కులోంచి "సార్", అచ్చం అలాగే దింపేవాణ్ని. ఒకసారి మామ నిజంగానే వచ్చి తనే "సార్" అంటే, "ఎవడ్రా అది, గొంతు తేడాగా ఉంది" అని సార్ అనుమానపడ్డాడు. అలాగని నేనేదో త్యాగం చేశానని కాదు. నేను పొద్దున లేవలేక దుప్పట్లోనే ఉండిపోయిన రోజుల్లో నా పేరుకు పలికింది మామే.

ఆ ఏడాది కంపెనీ వాళ్లు టూర్ వేస్తామన్నారు. ఎక్కడికని చర్చ జరుగుతుంటే, మాలో చాలామంది సముద్రం చూడలేదని సార్‌కి తెలిసింది. ఆయన నిజంగా బాధపడ్డాడు. "ఏమయ్యా, సముద్రం చూడకుండా పెళ్లిళ్లు కూడా చేసేసుకున్నారా? రండి, మా ఊరి సముద్రం చూపిస్తాను" అని ఆయనే బస్సు మాట్లాడాడు. చాయ్ మామ అయితే ఆ మాట విన్న దగ్గర్నుంచి నేల మీద లేడు. పూలపూల చొక్కా ఒకటి కొన్నాడు. నల్ల కళ్లద్దాలు కొన్నాడు. గదిలో రెండూ పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ, "అల్లుడా, సముద్రం సప్పుడు చెర్వు సప్పుడు లెక్కనే ఉంటదా, వేరే తీర్గ ఉంటదా?" అని నన్ను అడిగేవాడు. నేనేదో రోజూ సముద్రంలో స్నానం చేసి వచ్చినట్టు, "వేరే ఉంటది మామా" అనేవాణ్ని. అప్పటికి నేనూ చూడలేదు.

రెండో షిఫ్టు దిగి బయల్దేరాం. బస్సు దారిలో ఒకటికి రెండుసార్లు మొరాయించడంతో, సూర్యాపేట దాటి ఒక రోడ్డు పక్క హోటల్ దగ్గర ఆగేసరికి తెల్లవారింది. అందరూ మొహాలు కడుక్కోవడానికి దిగారు. మామ లుంగీ, బనీను మీద, భుజాన తువ్వాలతో దిగి, హోటల్ చాయ్ ఒక గుక్క తాగి ఉమ్మేశాడు. కిటికీ దగ్గరికొచ్చి, "అల్లుడా, గిదేం చాయ్ రా, గిన్నెలు కడిగిన నీళ్లు. రోడ్డవతల బండి మీద అల్లం వాసనొస్తుంది, తాగొస్త. సూస్కో" అన్నాడు. నేను "ఊఁ" అన్నాను. సంచి నా పక్క సీట్లో పెట్టి పోయాడు. కాసేపటికి అందరూ ఎక్కారు. సార్ డ్రైవర్ పక్కన నిలబడి, జేబులోంచి కాగితం తీసి, తల ఎత్తకుండా పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. నేను సగం నిద్రలో ఉన్నాను. మామ పేరు వినపడింది. నేనేమీ ఆలోచించలేదు, ప్రమాణం చేసి చెప్తున్నాను. ముందు చిన్న దగ్గు వచ్చింది, తర్వాత ముక్కులోంచి "సార్" వచ్చింది. గీత పడింది. "పోనీ" అన్నాడు సార్.

ఇంతవరకు అలవాటు చేసిన పని. ఇకపైది నేను చేసిన పని. బస్సు కదిలిన కుదుపుకి నాకు మెలకువ వచ్చింది. నుదురు అద్దానికి ఆనించి ఉంది. రోడ్డవతల చాయ్ బండి దగ్గర మామ కనిపించాడు. ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో లుంగీ అంచు. బస్సును చూసి ఉలిక్కిపడ్డాడు. చెయ్యి ఊపాలంటే రెండిట్లో ఒకటి వదలాలి. ఏది వదలాలో తేల్చుకోలేక అటూ ఇటూ ఊగుతున్నాడు. (ఇది నవ్వాల్సిన భాగం. నేనే దీన్ని కంపెనీలో ఎన్నిసార్లు నటించి చూపించానో! ఎలా తెలిసిందిరా అంటే, "ఊహించిన" అనేవాణ్ని.) నేను "ఆపండి" అనాలి. నోరు కూడా తెరిచాను. తెరిచాక ఆలోచన వచ్చింది: ఆపితే సార్ అడుగుతాడు, మరి ఇందాక 'సార్' అన్నది ఎవరు? అది తెలిస్తే, ఇన్నాళ్లూ అన్నది ఎవరో కూడా తెలుస్తుంది. టూర్ నుంచి రాగానే మాలో కొందరిని పర్మినెంట్ చేస్తారని గట్టిగా అనుకుంటున్నారు. మూతలు చేసేవాణ్ని, నా నోటికి ఒకటి బిగించుకోవడం నాకెంతసేపు? మామ చేతిలోని లుంగీ అంచు వదిలేసి పరిగెత్తడం మొదలుపెట్టేసరికి మా బస్సు మలుపు తిరిగింది.

పులిహోర పొట్లాలు పంచేటప్పుడు గానీ మామ లేడని తేలలేదు. భయ్యా నా పక్కకి చూసి, "అరే, చాయ్‌వాలా కిధర్ గయా?" అని అరిచాడు. సార్ కాగితం తీసి చూశాడు. గీత ఉంది. సంచి తీసి చూశాడు, అందులో మనిషి ఉంటాడన్నట్టు. "ఇందాక పలికాడుగా! పలికి మళ్లీ దిగిపోయాడా? ఏం మనిషయ్యా వీడు, ఒక్క చాయ్ కోసం!" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. "నేను నిద్రపోయిన సార్" అన్నాను. అప్పటికి చాలా దూరం వచ్చేశాం. మామకి ఫోన్ లేదు, మాలో సార్‌కి తప్ప ఎవరికీ లేదు. "లోకం దెల్సినోడే, ఎట్లనో అట్ల వస్తడు తియ్" అన్నారెవరో. మామ పొట్లం కూడా నాకే ఇచ్చారు. తిన్నాను. (తినకపోతే అనుమానం వస్తుందని తిన్నాను. బాగుంది కూడా.)

సముద్రం చప్పుడు నిజంగానే వేరే ఉంది. అది వినగానే నాకు ఏడుపొచ్చింది. ఉప్పుగాలి అని కళ్లు తుడుచుకున్నాను. సంచిని బస్సులో వదిలేయడం చేతకాక రోజంతా భుజాన వేసుకుని తిరిగాను. ఎవరూ చూడకుండా ఒకసారి దాని అడుగును అలల్లో తడిపాను కూడా, కనీసం అదైనా చూసిందనిపించుకుంటుందని. గ్రూప్ ఫోటో దిగేటప్పుడు అక్కడి ఫోటోగ్రాఫర్, "బాబూ, ఆ సంచి పక్కన పెట్టండి, ఫోటో పాడైపోద్ది" అన్నాడు. నేను పెట్టనన్నాను. అది చూసి భయ్యాకి హుషారొచ్చి, సంచిలోంచి పూలచొక్కా తీసి దానికే తొడిగి, నల్ల కళ్లద్దాలు పెట్టి, మా అందరి మధ్యలో ఇసుకలో కూర్చోబెట్టాడు. ఆ ఫోటో మొన్నమొన్నటిదాకా నా దగ్గరే ఉంది. ప్యాంటు మోకాళ్లదాకా మడిచిన సార్, తలకి రుమాలు కట్టిన భయ్యా, తడిసిన కోడిపిల్లల్లాంటి మేమంతా, మధ్యలో కళ్లద్దాలు పెట్టుకుని దర్జాగా ఒక సంచి. దాని భుజం మీద చెయ్యి వేసి పళ్లికిలిస్తున్న బక్క కుర్రాణ్ని నేనే.

మేం తిరిగొచ్చేసరికి మామ గదిలో పడుకుని ఉన్నాడు. హైదరాబాద్‌కి చేపలు తెస్తున్న లారీవాడు ఎక్కించుకున్నాడట. సముద్రం చూసొచ్చిన మా కంటే అతని దగ్గరే సముద్రం వాసన ఎక్కువ వచ్చింది. సంచి ఇచ్చాను. తెరిచి, "గీ ఇసుకేంది అల్లుడా?" అన్నాడు. "బస్సుల పడ్డదేమో మామా" అన్నాను. మర్నాటి నుంచి కంపెనీలో అతని పేరు మారిపోయింది. 'సూర్యాపేట మామ' అయ్యాడు. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా "ఏం సూర్యాపేటా, బస్సొచ్చిందా?" అనేవాడు. మామ నవ్వేవాడు. కానీ గోడ అవతల బండికి పోవడం మానేశాడు. నాకు మళ్లీ ఎప్పుడూ "సూస్కో" అని చెప్పలేదు. నెల తిరక్కుండా నన్నూ భయ్యానూ పర్మినెంట్ చేశారు. మామను చేయలేదు. "బాధ్యత లేని మనిషి" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. తర్వాత అతను గది ఖాళీ చేసి పోయాడు. ఫోటో కాపీలు టూర్‌కి వచ్చినవాళ్లకే ఇచ్చారు. మామకి చూపించాలని ఎవరికీ తోచలేదు. తోచిన నేను పెట్టె అడుగున దాచాను.

ఇప్పుడు నేను సంగారెడ్డిలో ఉంటున్నాను. ఇంకో కంపెనీలో షిఫ్టు ఇన్‌ఛార్జిని. మా ఆవిడ టీచరు, బదిలీ మీద వేరే జిల్లాలో ఉంటుంది, సెలవులకు వస్తుంది. అమ్మాయి చదువు హాస్టల్లో. ఇల్లంతా కాళ్లు చాపుకోవడానికే ఉంది. వంటింట్లో ఫ్రిజ్ ఆగితే ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేస్తుంటాను. కంపెనీలో ఇప్పుడు పేర్లు పిలిచేది లేదు. ఎవరి వేలు వాళ్లే మిషన్ మీద పెట్టాలి. ఒకరి వేలు ఇంకొకరు పెట్టలేరు. మంచిదే. కానీ నేను పొద్దున లేవలేకపోతే, దగ్గి మరీ నా పేరుకు "సార్" అనేవాడు లోకంలో ఒక్కడూ లేడని ఆ మిషన్ ముందు నిలబడ్డప్పుడల్లా అనిపిస్తుంది. అలాంటి సాయంత్రాలు బీరువా తెరిచి ఆ ఫోటో తీసేవాణ్ని. మొదట నవ్వొచ్చేది, ఆ కళ్లద్దాల సంచిని చూసి నవ్వకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. మనసు తేలికై, లేచి టీ పెట్టుకునేవాణ్ని. టీ మరుగుతుండగా అల్లం వాసన వచ్చేది. అక్కడితో నవ్వు అయిపోయేది.

ఈ మధ్య మా చెల్లెలి కొడుకును రుద్రారంలో ఒక ప్రైవేటు హాస్టల్లో చేర్చడానికి వెళ్లాను. గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకున్న వార్డెన్ ఒకాయన పిల్లలను దులుపుతున్నాడు. "ఒగడు పలుకుతె ఇంకొగడు ఉన్నట్టు కాదు బిడ్డా. నా కాడ గవి నడ్వయి. మొకం సూపియ్యాలె" అంటున్నాడు. ముందు చిన్న దగ్గు. నా కాళ్లు ఆగిపోయాయి. మామ కూడా నన్ను గుర్తుపట్టి, పరిగెత్తుకొచ్చి, పిల్లలందరి ముందు నన్ను వాటేసుకున్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. "గీనె నా జోడీ రా" అని వాళ్లకు పరిచయం చేశాడు. "నన్ను సూర్యాపేటల ఇడ్శిపెట్టిపోయిన కథ చెప్పిన గదా? గా బస్సుల గీడు అద్దానికి తల ఆనిచ్చి పండుకున్నడు. నిద్రల ఉండెగని, లేకుంటె బస్సుకు అడ్డం పడ్తుండె నా కొరకు!" పిల్లలు నన్ను గౌరవంగా చూశారు. ఆ గౌరవం మోసుకుని ఇంటికొచ్చాను. ఆ రాత్రి ఫోటో తీస్తే నవ్వు రాలేదు.

తర్వాతి ఆదివారం సాయంత్రం ఫోటో జేబులో పెట్టుకుని మళ్లీ రుద్రారం పోయాను. గేటు ముందు బెంచీ మీద కూర్చున్నాం. మామ చాయ్ తెప్పించాడు. తనది చక్కెర లేనిది. "షుగరొచ్చింది అల్లుడా. చాయ్ నన్ను ఇడ్వలే, చక్కెరనే ఇడ్శిపెట్టింది." ఫోటో తీసి ఇచ్చాను. చేతులు చాపి దూరంగా పట్టుకుని చూశాడు. ఒక్కొక్కరినీ గుర్తుపట్టాడు. మధ్యలోకి వచ్చి ఆగిపోయాడు.

"గిదెవ్వడు రా?"

"నువ్వే మామా."

కళ్లు చికిలించాడు. తర్వాత మొదలైంది నవ్వు. దగ్గూ నవ్వూ కలిసిపోయి, చాయ్ ఒలికిపోయి, గేటు దగ్గర పిల్లలు తిరిగి చూసేంత నవ్వు. "నా అంగి! నా అద్దాలు! నీయవ్వ, సంచికి గింత సోకా! గందుకేనా సంచిల ఇసుక?" అని నా తొడ మీద చరిచాడు. నవ్వు తగ్గాక ఫోటోను చొక్కాకు తుడిచి, మెల్లగా అన్నాడు. "నేనేమనుకున్ననో ఎర్కనా? గంత మందిల నేను లేనని ఒక్కనికి గుడ యాదికి రాలేదనుకున్న. సముద్రం పోతె పోయింది. గదే మనసుల వడ్డది."

"యాదికి రాకపోవుడు కాదు మామా," అన్నాను. "నీ పేరు పిలిస్తే నేనే పలికిన. రోజు పలికినట్టె, దగ్గి, 'సార్' అన్న. అలవాటుల."

మామ నోరు తెరిచాడు. "దగ్గినవా?"

"దగ్గిన."

మళ్లీ నవ్వాడు. ఇందాకటి కంటే ఎక్కువ సంతోషంగా. "అంటె నువ్వు మర్శిపోలే! జోడీవి నువ్వు, అంతె!" అన్నాడు. (ఇక్కడ ఆపేయవచ్చు. నేను తప్పు ఒప్పుకున్నట్టూ ఉంటుంది, మామ సంతోషపడినట్టూ ఉంటుంది. ఆ ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. అద్దానికి నుదురు ఆనించిన ఆ బక్క కుర్రాడు నాలో ఇంకా బాగానే ఉన్నాడు.) చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"మామా, నేను నిద్రల లేను. బస్సు కదిలినంక నిన్ను చూసిన. గ్లాసు, లుంగీ... అంతా చూసిన. ఆపుమంటె దొరికిపోతనని అనలే. పర్మినెంట్ పోతదని."

మామ నవ్వు ఎటు పోయిందో తెలియలేదు. ఫోటో వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. నేను గబగబా ఇంకా చెప్పుకుపోయాను. కాంట్రాక్టు రోజులు, మా ఇంటి పరిస్థితి, సార్ కోపం, అప్పటి వయసు. "నువ్వు మాఫీ అడుగుతున్నవా, సోది జెప్తున్నవా?" అన్నాడు మామ. లోపల గంట కొట్టారు. ఫోటో పైజేబులో పెట్టుకుని, హాజరు తీసుకోవడానికి లేచి వెళ్లిపోయాడు. అతని చేతిసంచీ, వార్డెన్ టోపీ నా పక్కన బెంచీ మీదే ఉన్నాయి. 'సూస్కో' అని మాత్రం అనలేదు.

నేను కూర్చునే ఉన్నాను. లోపల్నుంచి పేర్లు వినపడుతున్నాయి. ప్రతి పేరుకీ ఆగి, మొహం చూసి, తర్వాతి పేరు. ఇంతలో సంగారెడ్డి బస్సొచ్చి నా ముందే ఆగింది. "వస్తవా సార్?" అని కండక్టర్ అడిగాడు. చెయ్యి అడ్డంగా ఊపాను. (పెద్ద త్యాగమేమీ కాదు. ఆ రోడ్డు మీద బస్సులకేం కొదవ? అయినా చెప్తున్నాను.) అది వెళ్లిపోయింది, నేను దాని వెనక ఎర్రదీపాలు మలుపు తిరిగేదాకా చూశాను. బయట నిలబడి చూస్తే బస్సు అంత తొందరగా చిన్నదైపోతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మామ తిరిగొచ్చాడు. పైజేబులోంచి ఫోటో అంచు కనిపిస్తోంది. రెండు చేతుల్లోనూ చాయ్ గ్లాసులు.

"బస్సొచ్చింది గదా?"

"వచ్చింది మామా."

"మరెందుకు ఎక్కకపోయినవ్?"

దీనికి కూడా నా దగ్గర పెద్ద సంజాయిషీ సిద్ధంగా ఉంది. కానీ మామ అలాగే నిలబడ్డాడు, గ్లాసు ఇవ్వకుండా. నన్ను కొట్టాలన్నా అతని చేతులు ఖాళీ లేవు. ఇన్నేళ్లకు, బహుశా ఆ ధైర్యంతోనే, అన్నాను.

"తప్పైంది మామా. మాఫ్ చెయ్యి."